పిల్లల దగ్గరికి వెళ్ళినప్పుడు అక్కడ కారు నడపాలంటే: ఒక డ్రైవింగ్ మాస్టారి ప్రసంగ పాఠం

హైదరాబాద్‌లో మా కాలనీ కమ్యూనిటీ హాల్లో, విదేశాల్లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రుల కోసం ఏర్పాటు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.

అందరికీ నమస్కారం. ముందు ఒక పని చేద్దాం. జేబులోనో, హ్యాండ్‌బ్యాగులోనో డ్రైవింగ్ లైసెన్స్ ఉన్నవాళ్ళు ఒకసారి బయటికి తీయండి. తీశారా? దాని మీద వ్యాలిడిటీ ఎప్పటిదాకా అని ఉంటుంది, ఆ తేదీ చదవండి. కళ్ళజోడు లేనివాళ్ళు పక్కవాళ్ళకి చూపించండి. ఏం అమ్మా, మీది ఎప్పటిదాకా ఉంది? వచ్చే మార్చా? ప్రయాణం ఎప్పుడు? డిసెంబర్‌లోనా? చూశారా, ఇక్కడే మొదలైంది. డిసెంబర్‌లో విమానం ఎక్కి, ఆరు నెలలు ఉండి, జూన్‌లో తిరిగొస్తారు. మధ్యలో మార్చిలో లైసెన్స్ చచ్చిపోతుంది. లైసెన్స్ చచ్చిపోయిన రోజునుంచి మీ దగ్గర ఇంకే కాగితం ఉన్నా అది పనిచెయ్యదు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఈ హాల్లో కూర్చున్నవాళ్ళలో చాలామంది నా ఈడు వాళ్ళే. 2019లో మోటారు వాహనాల చట్టం మార్చాక, 55 దాటినవాళ్ళకి లైసెన్స్ ఐదేళ్ళకే ఇస్తున్నారు. కుర్రాళ్ళకి ఇచ్చినట్టు నలభై ఏళ్ళు వచ్చేదాకా అని ఇవ్వరు మనకి. ఐదేళ్ళు ఇట్టే గడిచిపోతాయి. గడువు తీరడానికి ఏడాది ముందునుంచే రెన్యువల్‌కి పెట్టుకోవచ్చు. గడువు తీరి ఏడాది దాటిందా, మళ్ళీ టెస్టు ఇవ్వాల్సి వస్తుంది. మనకి డాక్టర్ సర్టిఫికెట్, అంటే ఫారం 1ఏ కూడా కావాలి. అందుకని వీసా, టికెట్, మందులు, పచ్చళ్ళు... వీటన్నిటికంటే ముందు లైసెన్స్ తేదీ చూడండి.

నేను 30 ఏళ్ళుగా దిల్‌సుఖ్‌నగర్‌లో డ్రైవింగ్ నేర్పుతున్నాను. మా అమ్మాయి అమెరికాలో, టెక్సస్‌లో ఉంటుంది. మూడుసార్లు వెళ్ళొచ్చాం నేనూ మా ఆవిడా. మొదటిసారి వెళ్ళినప్పుడు నేను అనుకున్నదొక్కటే: ఇన్ని వేలమందికి నేర్పినవాణ్ణి, నాకేం కొత్త? ఆ మాట తప్పని నాకు పదో రోజున తెలిసింది. అది తర్వాత చెప్తాను. ముందు కాగితాల సంగతి అవగొట్టేద్దాం.

అందరూ 'ఇంటర్నేషనల్ లైసెన్స్' అంటారు. అలాంటి లైసెన్స్ ప్రపంచంలో ఎక్కడా లేదండీ. ఉన్నది ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్, ఐడీపీ. అదేమిటంటే, మీ లైసెన్స్‌కి అనువాదం. అంతే. బూడిద రంగు అట్ట, లోపల తెల్ల కాగితాలు, మీ ఫొటో, మీరు ఏ రకం బండి నడపొచ్చో వేరువేరు భాషల్లో రాసి ఉంటుంది. అక్కడి పోలీసు మన కార్డు చూస్తే అర్థం కాకపోవచ్చు, ఈ పుస్తకం చూస్తే అర్థమవుతుంది. కానీ పుస్తకం ఒక్కటే చూపిస్తే చెల్లదు. అసలు లైసెన్స్, ఐడీపీ, పాస్‌పోర్టు, మూడూ దగ్గరుండాలి. జిరాక్సులు కాదు, అసలువి. ఫోన్‌లో డిజిలాకర్ ఉంది కదా అంటారు. అది మన ఊళ్ళో చలాన్ దగ్గర చూపించడానికి. అక్కడ కార్డే కావాలి.

ఎక్కడ ఇస్తారు? మన ఆర్టీఏలోనే. ఖైరతాబాద్ కావచ్చు, మీ లైసెన్స్ ఏ ఆఫీసు పరిధిలో ఉంటే అది కావచ్చు. రవాణా శాఖ వెబ్‌సైట్‌లో స్లాట్ బుక్ చేసుకోవాలి. కేంద్ర నిబంధనల ప్రకారం ఫీజు 1000 రూపాయలు, పైన సర్వీసు చార్జీలు. ఏడాది చెల్లుతుంది, లేదా మీ లైసెన్స్ గడువు తీరేదాకా చెల్లుతుంది, ఏది ముందైతే అది. మళ్ళీ లైసెన్స్ దగ్గరికే వచ్చాం చూడండి. 2022 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ ఒకే నమూనా పెట్టింది, దాని మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది, అది మీ లైసెన్స్‌తో జతై ఉంటుంది.

ఇంకో మాట. మీ లైసెన్స్ ఏ దేశానిదో ఆ దేశమే ఐడీపీ ఇవ్వాలి. అమెరికా వెళ్ళాక అక్కడ తీసుకుందాంలే అంటే అక్కడివాళ్ళు మీకు ఇవ్వరు. నెట్‌లో మాత్రం బోలెడు కనిపిస్తాయి: పదేళ్ళ ఇంటర్నేషనల్ లైసెన్స్, ఇంటికే పంపిస్తాం, ఇన్ని డాలర్లు అని. అట్ట మీద గ్లోబు బొమ్మ, బంగారు ముద్ర. అది చిత్తు కాగితం. 1949 ఒప్పందం ప్రకారం మనకిచ్చే ఐడీపీకి ఏడాది మించి గడువు ఉండదు. పదేళ్ళు అని రాసి ఉందంటేనే అది నకిలీ అని తెలిసిపోవాలి. నా దగ్గర నేర్చుకున్న ఒక అబ్బాయి అలాంటిది కొని తెచ్చి ఎంతో సంతోషంగా చూపించాడు. ఆ పిల్లవాడి మొహం చూసి, డబ్బు పోయిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. కానీ చెప్పాలి కదా, చెప్పాను.

1949 అన్నాను. అదేమిటో రెండు ముక్కల్లో చెప్తాను, ఎందుకంటే ఇప్పుడు మీ పిల్లలు హనీమూన్‌కీ, మీరేమో గ్రూపు టూర్లకీ కొత్త కొత్త దేశాలు వెళ్తున్నారు. 1949లో జెనీవాలో రోడ్డు రవాణా మీద ఒక అంతర్జాతీయ ఒప్పందం జరిగింది. మన దేశం అందులో ఉంది. 1968లో వియన్నాలో ఇంకొకటి వచ్చింది. మన ఐడీపీ 1949 దాని కింద ఇచ్చేది. ఇప్పుడు జపాన్ ఉంది. జపాన్ 1949 పుస్తకాన్నే ఒప్పుకుంటుంది, కాబట్టి మనది చెల్లుతుంది, పైగా అక్కడ మనలాగే ఎడమవైపు నడక. వియత్నాం 1968 దాన్నే ఒప్పుకుంటుంది. హైదరాబాద్ నుంచి ఎంతమంది వెళ్తున్నారు ఇప్పుడు వియత్నాంకి! వెళ్ళి స్కూటర్ అద్దెకి తీసుకుంటారు. అద్దెకిచ్చేవాడు లైసెన్స్ అడగడు, పాస్‌పోర్టు పెట్టుకుని తాళం ఇస్తాడు. వాడు ఇచ్చాడు కదా అని చట్టం ఒప్పుకున్నట్టు కాదు. రేపు పడి కాలు విరిగితే ట్రావెల్ ఇన్సూరెన్స్ వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, ఆ బండి నడపడానికి మీకు ఆ దేశంలో చెల్లే అనుమతి ఉందా అని. చైనాలో అయితే ఏ ఐడీపీ చెల్లదు. థాయిలాండ్‌లో మనది చెల్లుతుంది, కానీ మీ లైసెన్స్‌లో కారు మాత్రమే ఉంటే స్కూటర్ ఎక్కకూడదు. ఐడీపీలో 'ఏ' అంటే మోటారు సైకిల్, 'బి' అంటే కారు. ఏ గడిలో ముద్ర ఉందో చూసుకోండి.

దుబాయ్ సంగతి అడిగారు ఇందాక ఒకాయన బయట. విజిట్ వీసా మీద వెళ్తే మన లైసెన్స్, ఐడీపీ పెట్టుకుని నడపొచ్చు. అదే మీ అబ్బాయికి అక్కడ రెసిడెన్సీ పడిందనుకోండి, ఆ రోజునుంచి ఐడీపీ పనికిరాదు, అక్కడి లైసెన్స్ తీసుకోవాలి. ఈ తేడా చాలా దేశాల్లో ఉంది: చూడ్డానికి వచ్చినవాడు వేరు, ఉండడానికి వచ్చినవాడు వేరు. ఇంగ్లండ్‌లో మన లైసెన్స్ మీదే 12 నెలలు కారు నడపొచ్చు. అమెరికాలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో చట్టం. కాలిఫోర్నియా చూడ్డానికి వెళ్ళినవాళ్ళు చెల్లుబాటయ్యే మన లైసెన్స్‌తోనే నడపొచ్చు, కానీ అక్కడ కాపురం పెట్టినవాళ్ళు 10 రోజుల్లో ఆ రాష్ట్రం లైసెన్స్‌కి పెట్టుకోవాలి. టెక్సస్‌లో కొత్తగా వచ్చి స్థిరపడ్డవాళ్ళకి 90 రోజులు. అందుకని మీ పిల్లలున్న రాష్ట్రం ఏదో, ఆ రాష్ట్రం మోటారు వాహనాల శాఖ వెబ్‌సైట్ మీ పిల్లల చేత ఒకసారి తీయించి చదివించుకోండి. వాట్సాప్‌లో వచ్చింది వద్దు. ఐడీపీ తప్పనిసరి కాని రాష్ట్రాల్లో కూడా తీసుకెళ్ళమనే నేను చెప్తాను. వెయ్యి రూపాయలకి వెనకాడొద్దు.

కాగితాలు అయిపోయాయి. ఇప్పుడు అసలు విషయం. పర్మిట్ ఏమో పుస్తకం, పెట్టెలో పెట్టుకుని పోతాం. చేతులకీ కాళ్ళకీ 30 ఏళ్ళుగా ఉన్న అలవాటుని ఎక్కడ పెడతాం?

మనది కుడివైపు స్టీరింగ్, ఎడమవైపు నడక. అమెరికాలో, దుబాయ్‌లో, జర్మనీలో ఉల్టా. 'కుడివైపు నడపాలి, అంతే కదా మాస్టారూ' అంటారు. ట్రాఫిక్ ఉన్నప్పుడు ఎవరూ తప్పు చెయ్యరండీ. ముందు కారు వెనకాల పోతాం, అయిపోతుంది. తప్పు ఎప్పుడు జరుగుతుందంటే, పొద్దున్నే ఆరింటికి, పాలప్యాకెట్ కోసం బయల్దేరి, దుకాణం పార్కింగ్ నుంచి ఖాళీ రోడ్డు మీదికి తిరిగేటప్పుడు. ఎదురుగా ఎవరూ ఉండరు. చెయ్యి తన అలవాటు ప్రకారం ఎడమ పక్కకి లాగేస్తుంది. దీనికి నేను చెప్పే గుర్తు ఒకటే, రాసుకోండి: డ్రైవర్ ఎప్పుడూ రోడ్డు మధ్య గీత పక్కన ఉండాలి. ఇక్కడా అంతే, అక్కడా అంతే. మలుపు తిరగ్గానే మీ భుజం పక్కన మధ్య గీత ఉందా? ఉంటే సరిగ్గా ఉన్నట్టు. మీ భుజం పక్కన ఫుట్‌పాత్ కనిపించిందా, ఎదురు దారిలోకి వెళ్ళారన్నమాట.

ఇంకోటి. మన మారుతీల్లో, హ్యుందాయ్‌ల్లో ఇండికేటర్ కుడిచేతి వైపు ఉంటుంది. అక్కడ ఎడమచేతి వైపు. మొదటి వారమంతా మలుపు వచ్చినప్పుడల్లా వైపర్ తిరుగుతుంది, ఇండికేటర్ పడదు. వెనకవాడికి మీరు తిరుగుతున్నట్టు తెలీదు. చిన్న విషయంలా ఉంది కదా? కాదు. దానికంటే పెద్దది ఎడమ కాలు. గేర్ల బండి నడిపిన ఎడమ కాలికి క్లచ్ అలవాటు. అమెరికాలో దాదాపు అన్నీ ఆటోమేటిక్, క్లచ్ ఉండదు. కంగారు పడగానే ఎడమ కాలు క్లచ్ అనుకుని బలంగా తొక్కుతుంది, అక్కడ ఉన్నది బ్రేకు. బండి నడిరోడ్డు మీద కొయ్యబారిపోతుంది, వెనకవాడు గుద్దుతాడు. ఎడమ కాలిని వెనక్కి, సీటు కిందికి లాక్కుని కూర్చోండి. ఇక్కడే రెండు రోజులు ఎవరిదైనా ఆటోమేటిక్ కారు అడిగి, ఆదివారం పొద్దున ఖాళీ రోడ్డు మీద ఆ ఒక్కటీ అలవాటు చేసుకుని వెళ్ళండి.

మన సిటీలో 'ఫ్రీ లెఫ్ట్' ఉంది కదా. రెడ్ లైట్ ఉన్నా ఎడమకి తిరిగి వెళ్ళిపోతాం. వెనకవాడు హారన్ కొడుతుంటాడు, ఫ్రీ లెఫ్ట్‌కి అడ్డం నిలబడ్డామని. అమెరికాలో దానికి జంట ఉంది: రెడ్ ఉన్నా కుడికి తిరగొచ్చు. చాలామంది మనవాళ్ళు అక్కడికి వెళ్ళగానే 'ఓహో, ఫ్రీ రైట్' అనుకుంటారు. ఫ్రీ కాదండీ. ముందు గీత దగ్గర చక్రం పూర్తిగా ఆగాలి. నడిచేవాళ్ళున్నారేమో చూడాలి, ఎడమవైపు నుంచి వచ్చే బండ్లకి దారి ఇవ్వాలి, అప్పుడు తిరగాలి. 'నో టర్న్ ఆన్ రెడ్' అని బోర్డు ఉంటే తిరగనే కూడదు. న్యూయార్క్ సిటీలో బోర్డు లేకపోయినా తిరగకూడదు, తిరగొచ్చని బోర్డు ఉంటేనే తిరగాలి.

ఇక ఎడమకి తిరగడం. ఇది మన కుడి మలుపు లాంటిది, ఎదురొచ్చే బండ్లని దాటి పోవాలి. మన హైదరాబాద్‌లో ఈ మధ్య ఎన్నో జంక్షన్లు మూసేసి యూటర్న్‌లు పెట్టారు. దాంతో ఏమైందంటే, ఎదురుగా బండ్లు వస్తుంటే ఆగి, ఖాళీ చూసుకుని తిరగడం అనే అభ్యాసమే మనకి పోయింది. ఉన్న కొద్ది చోట్ల బండి ముక్కు ముందుకి పెడితే ఎదుటివాడు ఆగుతాడు. అక్కడ ఆగడు. వాడి లైటు ఆకుపచ్చ, వాడి దారి వాడిది, వాడు గంటకి 45 మైళ్ళలో వస్తుంటాడు, అంటే 72 కిలోమీటర్లు. మీకూ ఆకుపచ్చే ఉంటుంది, అదే మోసం. గుండ్రటి ఆకుపచ్చ అంటే ఎదుటివాళ్ళు పోయాక తిరగమని. ఆకుపచ్చ బాణం ఉంటేనే దారి పూర్తిగా మీది. దయచేసి ఈ రెండూ కలపకండి. బాణం వచ్చేదాకా ఆగితే పోయేదేమీ లేదు.

ఇప్పుడు ఆ పదో రోజు సంగతి చెప్తాను. మా అమ్మాయి పక్కన కూర్చుంది, నేను నడుపుతున్నాను. ఎనిమిది మూలల ఎర్ర బోర్డు, స్టాప్ అని. నేను మెల్లగా చేసి, రెండు పక్కలా చూసి, ఎవరూ లేరని వెళ్ళిపోయాను. 'మెల్లగా చేశాను' అని నా లెక్క. ఆగలేదని వాళ్ళ లెక్క. రెండు నిమిషాల్లో వెనకాల ఎర్ర నీలం లైట్లు. సరే, కుడి పక్కకి తీసి ఆపాను. ఆపి, మనం ఇక్కడ ఏం చేస్తాం? కాగితాలు పట్టుకుని దిగి, పోలీసాయన దగ్గరికి నడిచి వెళ్తాం. కూర్చుని ఉంటే పొగరనుకుంటారని దిగుతాం, అది మన మర్యాద. నేను తలుపు తీశాను. ఒక కాలు బయట పెట్టాను. వెనక నుంచి పెద్ద అరుపు, కార్లోనే ఉండమని. మా అమ్మాయి నా భుజం పట్టి లోపలికి లాగింది. ఆ పిల్ల చెయ్యి వణుకుతోంది. అప్పుడు నాకు అర్థమైంది, నేను ఇక్కడ మర్యాద అనుకున్నది అక్కడ బెదిరింపులా కనిపిస్తుందని. తుపాకులున్న దేశం అది. మనిషి కారు దిగి తన మీదికి వస్తున్నాడంటే ఆ ఆఫీసర్‌కి ఏం అనిపిస్తుంది?

కాబట్టి చాలా శ్రద్ధగా వినండి. వెనక లైట్లు కనిపిస్తే కుడివైపు భద్రమైన చోట ఆపండి. ఇంజన్ ఆపండి. అద్దం దించండి. రెండు చేతులూ స్టీరింగ్ మీద, పైకి కనిపించేలా పెట్టండి. దిగొద్దు. అడగకముందే కాగితాల కోసం డ్యాష్‌బోర్డు పెట్టెలోకి చెయ్యి పెట్టొద్దు. అడిగాక, 'లైసెన్స్ నా బ్యాగులో ఉంది, తీస్తున్నాను' అని చెప్పి తీయండి. ఇంగ్లీషు రాకపోతే పక్కనున్నవాళ్ళని మాట్లాడనివ్వండి. 'ఎంతో కొంత చూసుకోండి సార్' అనే ఆలోచన మనసులోకి కూడా రానివ్వకండి, డబ్బు చూపించడమే అక్కడ పెద్ద నేరం. ఆయన టికెట్, అంటే జరిమానా చీటీ, ఇస్తే తీసుకోండి. వాదించడానికి కోర్టు ఉంది, రోడ్డు మీద కాదు.

ఆ స్టాప్ బోర్డు నాలుగు పక్కలా ఉంటే, 'ఫోర్ వే స్టాప్' అంటారు. సిగ్నల్ లేదు, పోలీసు లేడు, అందరూ ఆగుతారు. ముందు వచ్చి ఆగినవాడు ముందు వెళ్తాడు. ఇద్దరూ ఒకేసారి వస్తే కుడివైపు ఉన్నవాడు ముందు. మా ఆవిడ అది చూసి 'వీళ్ళకి ఎవరు చెప్తున్నారు వెళ్ళమని?' అంది. నిజంగా చూడాల్సిన దృశ్యమే. ఒక్కోసారి ఎదుటివాడు డిప్పర్ కొడతాడు, అంటే హెడ్‌లైట్లు ఒకసారి మెరిపిస్తాడు. ఇక్కడ డిప్పర్ అంటే ఏమిటి? 'నేను వస్తున్నా, నువ్వు ఆగు.' అక్కడ అలాంటి చోట కొడితే ఎక్కువగా 'మీరు వెళ్ళండి' అని. ఇద్దరూ దాన్ని ఉల్టాగా అర్థం చేసుకుంటే ఎంత ప్రమాదమో చూడండి. అనుమానం ఉంటే ఆగండి.

స్కూలు బస్సు. పసుపు బస్సు ఆగి, ఎర్ర లైట్లు మెరుస్తూ, పక్కన స్టాప్ బోర్డు చెయ్యి చాచిందంటే వెనకవాళ్ళే కాదు, మధ్యలో డివైడర్ లేని రోడ్డు మీద ఎదురొచ్చేవాళ్ళు కూడా ఆగాలి. ఇక్కడ మనం పిల్లలు దిగుతున్న బస్సుని హారన్ కొట్టి దాటిపోతాం. అక్కడ దాటారో, కఠినమైన శిక్ష. శిక్ష సంగతి వదిలేయండి, దిగేది మన మనవడే కావచ్చు కదా.

మనవడు అంటే గుర్తొచ్చింది. ఒళ్ళో కూర్చోబెట్టుకోకూడదు. అమ్మమ్మలూ, నానమ్మలూ, మీకే చెప్తున్నాను. 'రెండు వీధులే కదా, ఏడుస్తున్నాడు' అని సీటులోంచి తీసి ఒళ్ళోకి తీసుకుంటారు. చిన్నపిల్లలకి వయసునీ ఎత్తునీ బట్టి కారు సీటు ఉండాలని అన్ని రాష్ట్రాల్లోనూ చట్టం ఉంది. బండి గట్టిగా ఆగితే పసివాణ్ణి మన చేతులు పట్టి ఉంచలేవు. ఎంత ప్రేమ ఉన్నా పట్టి ఉంచలేవు. ఏడవనివ్వండి.

హైవే మీద ఎక్కువ చెప్పను. మన ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు, గంటకి 120 దాకా అనుమతి, ఎగ్జిట్ నంబర్లు, అదంతా తెలిసినవాళ్ళకి అక్కడి ఫ్రీవే వింతగా అనిపించదు. తేడా ఒకటే: ఇక్కడ వేగంగా పోయేవాళ్ళది కుడి లేన్, అక్కడ ఎడమ లేన్. ఎగ్జిట్ దాటిపోతే దాటిపోనివ్వండి, తర్వాతి దాంట్లో దిగొచ్చు. వెనక్కి రివర్స్ మాత్రం వద్దు, ఔటర్ మీద కూడా వద్దు.

ఇన్సూరెన్స్. మీ అబ్బాయి కారు నడిపేముందు అబ్బాయి చేత వాళ్ళ ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేయించండి: మా నాన్న వచ్చారు, ఆరు నెలలు ఉంటారు, అప్పుడప్పుడు నడుపుతారు, కవర్ అవుతుందా, పేరు చేర్చాలా అని. ఐదు నిమిషాల పని. అద్దె కారైతే ఒప్పందం మీద పేరున్నవాళ్ళే నడపాలి. అల్లుడి పేరు మీద తీసుకున్న కారుని దారిలో మామగారు కాసేపు పట్టుకుంటే, ఆ కాసేపట్లో ఏదైనా జరిగితే మొత్తం మీ నెత్తినే. మీరు ఇక్కడ కొనుక్కునే ట్రావెల్ ఇన్సూరెన్స్ మీ ఆస్పత్రి ఖర్చుకి. మీరు గుద్దిన కారుకి అది రాదు.

వెనక నుంచి పెద్దాయన చెయ్యెత్తారు. చెప్పండి సార్. ఆయనకి 67 ఏళ్ళట, కోడలు వద్దంటోందట, నడపాలా వద్దా అని. సార్, మీరు అడిగింది నాకు అర్థమైంది. అక్కడ కారు లేకపోతే గుడికి పోలేం, కూరగాయలకి పోలేం, పగలంతా ఇంట్లో గోడలు చూస్తూ ఉండాలి. నలభై ఏళ్ళు తన బండి తాను నడుపుకున్న మనిషికి అది ఎంత కష్టమో నాకు తెలుసు. నడపండి. కానీ నేను రెండోసారి వెళ్ళినప్పుడు చేసినట్టు చెయ్యండి. మొదటి రెండు వారాలు పక్క సీట్లో కూర్చోండి. ఊరికే కూర్చోవడం కాదు, పైకి చెప్తూ ఉండండి: ఇక్కడ స్టాప్, ఇక్కడ మనం ఆగాలి, వీడిది మొదటి వంతు, ఇప్పుడు బాణం వచ్చింది అని. తప్పు చెప్తే కోడల్ని దిద్దమనండి. ఆమెకి కూడా మీమీద నమ్మకం కుదురుతుంది. తర్వాత ఆదివారం పొద్దున ఖాళీ పార్కింగ్‌లో. తర్వాత ఇంటి చుట్టూ వీధుల్లో. ఆ తర్వాత కూరగాయల దుకాణం దాకా, పగటిపూట, వాన లేనప్పుడు. రాత్రి డ్రైవింగ్, ఫ్రీవే, మంచు... ఇవి మనకెందుకు సార్? శుక్లాల ఆపరేషన్ చేయించుకోవాల్సి ఉంటే అది చేయించుకుని వెళ్ళండి. ఆమె ఇంకా వద్దంటే, ఆ ఊళ్ళో డ్రైవింగ్ స్కూల్లో డబ్బు కట్టి ఒక్క గంట క్లాసు తీసుకోండి. 30 ఏళ్ళు నేర్పినవాణ్ణి, నేనే తీసుకున్నాను.

టీ వచ్చేసింది. లైసెన్స్ గడువు తీరినవాళ్ళు, ప్రయాణం మధ్యలో తీరేవాళ్ళు ఈ టేబుల్ దగ్గరికి రండి. డాక్టర్ సర్టిఫికెట్ ఫారాలు ముప్పై తెచ్చాను. అమ్మా, ఆ మార్చి లైసెన్స్ మీదే కదా, మీరు ముందు రండి.